ఎర్ర మూత

మా ఇంట్ల కొలతలన్నీ ఒక్క మూతతోనే.
చాయపత్త మూతెడు,
పప్పుల ఉప్పు మూతెడు,
సుట్టమొస్తే నూనె ఇంకో మూతెడు.
లోపల మెట్లు మెట్లుగ గీతలుంటయి,
ఎంత తోమినా ఆ సందుల్ల
ఇంత పాలతెలుపు మిగిలేది.

మా బాపు పేరు ఓదెలు.
పరకాల దిక్కు మిరప తోటలల్ల
మంది చేన్లకు మందు కొట్టెటోడు.
ట్యాంకుకు ముప్పై, దినానికి పదిహేను ట్యాంకులు.
పంపు వీపుకు, టువాల మూతికి,
చెప్పులు మాత్రం గట్టు మీద,
తడి సాళ్లల్ల దిగబడుతయని.

మందు అంటే ఏ మందో
మా వాడల అడగకుండనే తెల్వాలె.
జరానికి మందే. సాయంత్రం సీసలదీ మందే.
పురుగుకూ మందే.
"మందుకు పోయిండు" అంటే
ఏ మందుకు పోయిండో
పెయ్యి వాసన చూసి చెప్పేది అవ్వ.

నల్ల తామర పురుగొచ్చిన ఏడు
పువ్వు ఇప్పి చూస్తే
నువ్వులు చల్లినట్టు కదిలేటియి.
షాపు సేటు వారానికో కొత్త డబ్బా ఇచ్చిండు.
డబ్బా మీద నాలుగు మూలల బొమ్మ,
సగం తెలుపు, సగం రంగు.
చదువు రాని బాపు దాన్ని గాలిపటం అనేటోడు.
"పసుపు గాలిపటం పని చెయ్యలే,
రేపు ఎర్రది ఎగరేస్తం."
తెల్ల సగంల పుర్రె ఉన్నదని
పది తప్పి ఇంట్లున్న నేను చూపెట్టిన.
"అది పురుగు కోసం బిడ్డా,
చదువొస్తే అదే చూసుకుంటది" అన్నడు.

ఆ ఎర్ర గాలిపటం డబ్బా మూతనే ఇది.
ట్యాంకుకు రెండు మూతలు, సేటు లెక్క.
మూడు, ఆసామి లెక్క.
బాపు అంగి జేబుల పడి ఇంటికొచ్చింది.
అవ్వ బూడిదతోని తోమింది, చింతపండుతోని తోమింది,
ఎండల పెట్టింది, ముక్కుకు పెట్టుకున్నది.
వాసన పోతే పోయినట్టే,
మాకు అంతకు మించిన పరీక్ష లేదు.
తమ్ముడు దాంట్ల తడిమన్ను ఒత్తి ఇడ్లీలు చేసిండు.
నన్ను తిన్నట్టు చెయ్యమన్నడు.
వాడు నిజంగనే నాకిండు.

మాఘమాసంల ఒకనాడు గాలి ఎదురు తిరిగింది.
బాపు సాలు నడుమ కూసున్నడు.
నోట్లెకెళ్లి నీళ్లు, కంటి నల్లగుడ్డు ఆవగింజంత.
"మంచు పట్టిందా?" అనడిగిండు,
మిట్టమధ్యాహ్నం.

వరంగల్ పెద్ద దవాఖానల తొమ్మిది రోజులు.
పక్క మంచంల పిల్లగాడు
కూల్‌డ్రింక్ సీసల పోసిపెట్టినదాన్ని
కూల్‌డ్రింకే అనుకున్నడట.
వాళ్లవ్వ ఎవల్నీ తిట్టలే.
సీసను తిట్టింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ టానిక్కు రాసింది.
"పొద్దున రెండు మూతలు, రాత్రి రెండు మూతలు."
అవ్వ అలవాటు మీద
గూట్లకెళ్లి ఎర్ర మూత తీసింది.
సరిగ్గ గీత దాకా పోసింది.
బాపు దాన్ని చూసిండు, అవ్వను చూసిండు,
నవ్విండు. దగ్గొచ్చేదాకా నవ్విండు.
అవ్వ చెయ్యి అట్లనే గాలిల ఉన్నది.

ఇప్పుడు నేను ఏనుమాముల మార్కెట్ల
మిరపకాయ తొడిమెలు తీస్త.
రాత్రి బువ్వ కలిపితే వేళ్లు మండుతయి,
కారమో ఇంకోటో వేళ్లకు తెల్వది.
కొన్ని బస్తాలు పోయినట్టే పోయి వాపసొస్తయి.
పై దేశమోళ్లు మిషన్ల పెట్టి చూసి వద్దన్నరట.
మరి ఇవి ఏమైతయని గుమాస్తానడిగిన.
"ఏమైతయి? మనం లేమా?" అన్నడు.
కోపమేం లేదు గొంతుల,
సుట్టానికి ఇంకింత వడ్డించినట్టే.

మూతను పారెయ్యాలనే ఉన్నది.
చేన్లెయ్యలేను, చెరువులెయ్యలేను.
పొయ్యిల పెడదామంటే
పక్కింట్ల పచ్చి బాలింత.
చెత్త ట్రాక్టరోళ్లు ఊరవతల కాలబెడుతరు,
పొగ మళ్లీ ఊర్లెకే వస్తది.
దూలం సందుల చెక్కిన.

పిల్లి దుంకినప్పుడు ఒక్కోసారి
కింద పడి గుండ్రంగ తిరుగుతది.
ఆగేదాకా ఇంట్ల ఎవ్వలం మాట్లాడం.
చూపు సగమే మిగిలిన బాపు
చప్పుడుకే గుర్తుపడతడు.
"ఒక్క మూతనేనా?
ఆసామి మూడన్నడు గద."