నలభై మూడో వరుస

ఎనుమాముల యార్డులో
పొద్దుకన్నా ముందే ఘాటు లేస్తుంది.
తుమ్ముతూనే ల్యాప్‌టాప్ తెరిచాను.
మడికొండ ఆఫీసులో, ఏసీ కింద,
ఈ ప్రోగ్రాం ఒక్కసారీ తుమ్మలేదు.

నా చేతిలో నలభై రెండు వరుసల పట్టిక:
చేయవలసిన పని, రావలసిన ఫలితం, వచ్చిన ఫలితం.
మా గదిలో అన్నిటికీ పచ్చ టిక్కులు.
అక్కడ రైతు పేరు టెస్ట్ ఒకటి,
ఊరు ఏబీసీ,
దిగుబడి వంద క్వింటాళ్ళు, ఎప్పుడూ వందే.
టెస్ట్ ఒకటికి అప్పు లేదు,
చేనుకు తామర పురుగు తగల్లేదు,
ఏ ధర చెప్పినా సరేనన్నాడు పాపం.

ఇక్కడ మొదటి వరుసకే నవ్వాడు దడువాయి ఓదెలు.
"బస్తా ఇంక ఊగుతనే ఉన్నది బిడ్డా,
నీ డబ్బా అప్పుడే అంకె రాసుకున్నది.
ఊగుడు ఆగినంక గదా తూకం."
రాసుకున్నాను.

ఏడో వరుస, వేలిముద్ర.
మిరప ఏరి ఏరి గీతలరిగిన బొటనవేలు
కొంగుకు తుడిచి, ఉఫ్‌మని ఊది,
ఐదోసారి పెట్టింది రాజకొమురమ్మ.
మళ్ళీ ప్రయత్నించండి.
"నా ఏలు నాదేనా అని నన్నే అడుగవట్టె!"
అదీ రాసుకున్నాను.

తప్పును ఎర్రటి అక్షరాల్లో చూపాలని
మాలో ఎవరో ఎప్పుడో నిర్ణయించారు.
షెడ్డు నిండా, దారి నిండా, గేటు దాకా ఎరుపే.
ఇది తప్పు అని ఇక్కడ ఎవరికి తోస్తుంది?

గూడూరు అవతలి తండా నుంచి
రాత్రంతా ట్రాలీలో బస్తాల మీదే కూర్చుని వచ్చాడు
బానోతు ఈర్యా.
ఇరవై ఏడు బస్తాల చపాటా.
జెండా పాట ఇంకెవరి రాశి మీదో లేచింది,
ఈర్యా రాశి దగ్గరికి వచ్చేసరికి
నాలుగు వేలు దిగింది.
ఆయన ఫోనులో ఆ ధర వెలిగింది,
కింద పచ్చటి బటన్: ఒప్పుకుంటున్నాను.

చాలాసేపు చూశాడు.
చదవడం రాదేమోనని పైకి చదివి వినిపించాను.
"సదువొచ్చు బిడ్డా.
వద్దనేది ఏడున్నదని దేవులాడుతున్న."

ఫోను తీసుకుని నేనూ దేవులాడాను.
పైకి లాగితే తేదీ,
కిందికి లాగితే కంపెనీ పేరు.
ముప్ఫై ఒకటో వరుస చూసుకున్నాను.
రైతు ఒప్పుకుంటాడు. చీటీ వస్తుంది. పాస్.
ఒప్పుకోకపోతే?
ఎవరూ రాయలేదు.
ఎవరూ ఏమిటి, ఆ పట్టిక రాసింది నేనే.

"మరి ఇన్నేళ్ళూ వద్దని ఎట్లా చెప్పారు?"
నా ప్రశ్నకు ఓదెలు వింతగా చూశాడు.
"ఏమున్నది, రాశి మీద తువ్వాల ఏస్తరు.
తువ్వాల లేవనిది కాంటా లేవది."

ఈర్యా భుజం మీది తువ్వాల తీశాడు.
దులిపాడు.
పడుకున్న పిల్లకు కప్పినట్టు
మిరప మీద పరిచాడు.

సరిగ్గా పది నిమిషాలకు
కౌంటర్లో ప్రింటర్ దానంతటదే గురగురలాడింది.
ఏమీ నొక్కకపోతే ఒప్పుకున్నట్టే.
ఆ నియమం పెట్టిన రోజు
మేం సమోసాలు తెప్పించుకున్నాం.

చీటీ ఒక చేత పట్టుకుని
ఓదెలు దాన్నోసారి, తువ్వాలనోసారి చూశాడు.
చీటీ మడిచి చెవి మీద పెట్టుకున్నాడు.
కాంటాను పక్క రాశికి దొర్లించుకుపోయాడు.

మేనేజర్ ఫోను: "ఎన్ని పాసయ్యాయి?
సాయంత్రానికి సంతకం కావాలి, సోమవారం మొదలుపెట్టాలి."
అంగీకార పత్రం బయటికి తీశాను.
అన్నీ పరీక్షించి అంగీకరించడమైనది.
కింద ఒకటే గీత.
ఇందులోనూ ఎంత దేవులాడినా
ఇంకో గడి లేదు.

పత్రం వెనక్కి తిప్పి పెన్నుతో రాశాను:
నలభై మూడు.
చేయవలసిన పని: తువ్వాల వేయడం.
రావలసిన ఫలితం: కాంటా లేవకూడదు.
వచ్చిన ఫలితం దగ్గర
ఓదెలు అని రాసి, కొట్టేశాను.
మనిషి పాసవడం వేరు.

ఈర్యా బస్తాలకు ఆనుకుని సద్దిమూట విప్పాడు,
సగం రొట్టె నా వైపు జరిపాడు.
అందులోనూ మిరపే.
రేపు పొద్దున మళ్ళీ జెండా.
నేను ఇంకా తుమ్ముతూనే ఉన్నాను.