కత్తి తోమిన చెయ్యి

ఏప్రిల్ ఆఖరి ఆదివారానికి ముందురోజు
మా అమ్మమ్మ వాల్‌బుర్గా
తాతయ్య కత్తిని వంటింటి బల్ల మీద పడుకోబెట్టేది,
జ్వరం తగిలిన పిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు.
బూడిద, వెనిగర్, పాత ఉన్ని మేజోడు.
ఒర మీది ఇత్తడి పువ్వులో నల్లగా పేరుకున్న ఏడాదిని
కుట్టుసూదితో గీకి తీసేది.

ఆ కత్తితో ఎవరూ ఏదీ కోయలేదు,
జున్నుముక్కైనా.
అప్పెన్‌జెల్‌లో
నడుముకి కత్తి ఉన్నవాడికి ఓటుంది, అంతే.
తాడు కట్టిన బరిలో మగవాళ్ళు నిలబడి
రోడ్లకీ పన్నులకీ బడికీ
చేతులెత్తేవాళ్ళు.
తాడుకి ఇవతల మేం.
ఒకసారి అమ్మమ్మ చెయ్యి దానంతటదే లేచింది.
జుట్టు సర్దుకున్నట్టు దించేసింది.
నేను చూశాను.

ఆమెది చెయ్యి తిరిగిన పని.
జేబురుమాలు మూల, గోరంత జాగాలో
ఏడు రెక్కల పువ్వూ దాని మీద మంచుబొట్టూ కుట్టేది.
సెయింట్ గాలెన్ వ్యాపారి డజనుకింతని లెక్కగట్టి పట్టుకెళ్ళేవాడు.
ఆ డబ్బులో పన్నెంతో
తాడు లోపలి చేతులు తేల్చేవి.

ఆమె నాయకురాలేం కాదు.
మైకంటే భయం.
ఒక చలికాలం సాయంత్రం
ఫిలొమేనా టీచరు ఓ కాగితం తెస్తే
కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివింది,
ఒక అక్షరదోషం చూపించింది,
సంతకం పెట్టింది,
సిరా ఆరేదాకా ఊదింది.

మర్నాటి నుంచి
మా కోడిగుడ్లు ఊళ్ళో ఎవరికీ అక్కర్లేకపోయాయి.
చర్చిలో మా బెంచీ పొడుగైంది.
కొట్టాయన చిల్లర చేతిలో పెట్టడం మానేసి
బల్ల మీదికి తోసేవాడు.
ఆ చలికాలమంతా గుడ్లే తిన్నాం:
ఉడకబెట్టి, అట్టేసి, సూపులో చిలికి.
"మంచిదే, బలం" అనేది.

తొంభైలో మగవాళ్ళని మళ్ళీ అడిగారు.
మళ్ళీ వద్దన్నారు.
తాతయ్య ఇంటికొచ్చి కత్తి మేకుకి తగిలించి
చాలాసేపు బూట్ల తాళ్ళు విప్పుకున్నాడు.
"నీ చెయ్యెక్కడుంది?" అంది.
"జేబులో."
"రెండోది?"
"అదీ."
ఆ రాత్రి సూపులో ఉప్పు లేదు.
ఎవరం అడగలేదు.

ఆ శీతాకాలం కోర్టు ఏమందో రేడియో చెబుతుంటే
అమ్మమ్మ పళ్ళతో దారం కొరికి
"కాస్త తగ్గించు, పక్కింట్లో పసిపిల్ల పడుకుంది" అంది.

మళ్ళీ ఏప్రిల్.
డెబ్భై మూడేళ్ళు. నల్లకోటు. కత్తి లేదు,
చేతిలో చిన్న అట్టముక్క.
ఆమె కోసం తాడు పైకెత్తి పట్టుకున్న కుర్రాడు
గుడ్లు మానేసిన ఇంటివాడే.
ఏదో వంతెన ఖర్చు. వద్దనేవాళ్ళు చేతులెత్తండన్నారు.
యాభై ఏళ్ళ సూది బిగించేసిన భుజం
చెవిదాకా కూడా లేవదు.
ఎడం చేత్తో కుడి మోచేతిని కిందనుంచి ఎగదోసింది,
అటక మీదికి ఎండుగడ్డి మోపు ఎక్కించినట్టు.
అవతల అంతకన్నా ఎక్కువ చేతులు లేచాయి.

ఇంటికొచ్చి తలుపు తీస్తూనే
"ఓడిపోయాను!" అంది.
నాకు బుద్ధెరిగాక అంత వెలుగు
ఆ ముఖంలో చూడలేదు.
"రేపా వంతెన కూలితే
నన్ననడానికి లేదు" అంటూ
కోటు కూడా విప్పకుండా పొయ్యి రాజేసింది.

పై ఏడు కత్తిని తాతయ్యే తోముకున్నాడు.
ఇత్తడి పువ్వులో నలుపు అలాగే ఉంది.