ఆకురాయి ఒక్కటి ఇవ్వనంది

కెమియార్వి దాటాక నలభై కిలోమీటర్లు, మంచులో.
కొట్టం గొళ్ళెం గడ్డకట్టుకుపోయింది,
హెల్వి గారు నోటి ఆవిరితో ఊదితే గానీ కదల్లేదు.
ఔలిస్ పోయి రెండు చలికాలాలు.

జేబులో నా జాబితా. అన్నిటికన్నా పైన: గ్రైండరు.
స్కూలు బస్సు నడిపి దాచిన తొమ్మిది వందల యూరోలు.

దాగలి అంటే రైలు పట్టా ముక్క.
"కొట్టి చూడు" అంది.
సుత్తి వేస్తే
చెప్పుల్లోంచి మోకాళ్ళ దాకా మోగింది.
ముప్పై అంది. బేరం ఆడలేదు నేను.

కొలిమికి తిత్తి లేదు,
గులాబీ రంగు హెయిర్ డ్రయ్యరు.
"నాదే. మా చెల్లెలి పెళ్ళిరోజున లాక్కుపోయాడు,
తడి జుట్టుతోనే వెళ్ళాను చర్చికి."

నూనె డబ్బా, దారానికి కట్టిన అయస్కాంతం.
కాలిన ఉక్కు దీన్ని పట్టించుకోవడం మానేస్తుంది,
అప్పుడు ముంచాలి, అంది
సూపులో ఉప్పెంతో చెప్పినట్టు.

మరి గ్రైండరు?
నవ్వింది. గోడకి పదకొండు ఆకురాళ్ళు.
"వీటితో మూడు కత్తులు చెయ్యి.
అప్పటికీ కావాలనిపిస్తే కొనుక్కో."

పది చుట్టి ఇచ్చింది, పాత దుప్పట్లో.
పదకొండోదానికి బర్చ్ బెరడు పిడి,
బొటనవేలు ఆనే చోట గుంట.
"అది ఉండనీ,
చేపల పొలుసు గీకడానికి."

దాని పళ్ళలో పొలుసేమీ లేదు.
సన్నటి ఉక్కు రజను,
తుప్పు పట్టకుండా ఎవరో నూనె రాస్తున్నారు.

వ్యానులో కూర్చుని జాబితా తీశాను.
గ్రైండరు కొట్టెయ్యలేదు.
పక్కన రాసుకున్నా:
మూడు కత్తుల తర్వాత.