లక్క ప్లేటు

కురుపాం మార్కెట్ వెనక సందులో
మజ్జి లోవరాజు కొట్టు.
బోటు ఇంజన్లకు నాజిల్, గడియారాలకు స్ప్రింగు,
బేరం లేని పూట గ్రామఫోను.
నాకు పదమూడేళ్ళు.
కిరసనాయిలు కంపుకొట్టే వేళ్ళతో
ప్లేట్లు తుడవడం నా ఉద్యోగం.

ఆ పెట్టె హార్బరు గోదాం వేలంలో వచ్చింది.
సాలూరు మిషన్ దొరసానిదట.
యుద్ధం మొదలైన ఏడు పోలీసులు
ఆమెను తీసుకెళ్ళారు, పెట్టెను తీసుకెళ్ళలేదు.
ముప్పై ఏళ్ళు ఉప్పుగాలి నాకి నాకి
లేబుళ్ళ మీది పేరు రాలిపోయింది,
చివరి అక్షరం ఒక్కటి బల్లి తోకలా మిగిలింది.
ఒకవైపే పాట.
రెండోవైపు నున్నగా,
మాట్లాడటం మానేసిన మొహంలా.

"ఎవుడ్రా ఈడు?" అన్నాడు లోవరాజు.

చెప్పింది రొజారియో మేస్టారు,
నావికుల క్లబ్బులో పియానో శ్రుతి చేసే ముసలాయన.
జర్మనీవాడట. ఒపేరాలు కట్టేవాడట.
మన వీధినాటకం లాంటిదే గానీ
ఒక్క రాత్రికి తెల్లారదు.
అప్పులవాళ్ళకి జడిసి సరిహద్దులు దాటినవాడు,
తుపానులో ఓడెక్కి
ఆ హోరునే తర్వాత కాగితం మీద దించినవాడు,
వాద్యగాళ్ళందర్నీ వేదిక కింద గోతిలో దాచి
పాట భూమిలోంచి ఊరినట్టు చేసినవాడు.
మనిషికో రాగం, కత్తికో రాగం,
మనిషి రాకముందే వాడి రాగం వచ్చేదట.

"మంచోడేనా?"
మేస్టారు టీ గ్లాసు కింద పెట్టాడు.
"కాదు. ఒక జాతి మీద విషం రాశాడు.
వెనకొచ్చినవాళ్ళు ఆ విషాన్నీ వాయించారు."
కాసేపు కొట్టులో
ప్రైమస్ స్టవ్వొక్కటే మాట్లాడింది.

ఈ ప్లేటు కోసేనాటికి ఆయన పోయి పాతికేళ్ళు.
మైకు ఇంకా పుట్టలేదు.
ఇరుకు గది, గోడలోంచి పొడుచుకొచ్చిన రేకు గరాటా,
పెద్ద గొంతుకామె పైస్థాయి అందుకునేముందు
ఎవరో భుజాలు పట్టి వెనక్కి లాగాలి,
లేకుంటే మైనం మీద ముల్లు చెదురుతుంది.
ఎనభైమంది కూర్చోవాల్సిన చోట తొమ్మిదిమంది.
నాలుగు నిమిషాలకు మైనం అయిపోతుంది,
ప్రేమైనా, చావైనా.
ఐదుగంటల ప్రళయాన్ని
వంజరం ముక్కల్లా కోసి అమ్మారు.

లోవరాజు విరిగిన అంచు గీకి, వాసన చూసి,
"లక్కరా ఇది!
ఏటికొప్పాకోళ్ళు బొమ్మలకి పూస్తారే, అదే లక్క.
పురుగు కక్కింది ఓడెక్కి ఎళ్ళి
ఆడి ఏడుపు మోసుకొచ్చింది సూడు."

సూదులు లేవు. తుమ్మముల్లు చెక్కి బిగించాడు.
ముందు చిటపటలు,
లక్క ఇల్లు అంటుకున్నట్టు.
ఆ మంట కింద ఎక్కడో సొరంగం తవ్వుకుంటూ
ఒక ఆడగొంతు
ఒక్కో బారే పైకి వచ్చింది.

గరికిన ఎర్రమ్మ రొయ్యల గంపతో పోతూ ఆగింది.
"ఎవులమ్మా, బిడ్డ పోయిందా?"
"నాటకమే అప్పా."
"నాటకానికి ఇంత ఏడుస్తారేటి?"
గంప దించి మెట్టు మీద కూర్చుంది.
హార్బర్లో డ్రెడ్జరు కూత వేస్తే
దాన్ని కూడా తిట్టింది.

మాట మధ్యలో ప్లేటు అయిపోయింది.
తర్వాతి ప్లేటు పెట్టెలో లేదు.
"అప్పుడేటయింది?" అంది ఎర్రమ్మ.
మాకేం తెలుసు.
రొయ్యలమ్ముకుని సాయంత్రం తిరిగొస్తూ
మళ్ళీ అడిగింది.

ఆ రాత్రి నేల టిక్కెట్టు సినిమాలో
విలన్ బూట్లు తెర మీద కనపడకముందే
వాడి రాగం వచ్చింది.
పక్కవాడికి చెప్పబోయాను,
"ఒరే, ఇది అప్పు తెచ్చింది" అని.
ఈల వేస్తున్నాడు, వినలేదు.

ఇప్పుడు మనవరాలు ఫోన్లో మొత్తం పెట్టిచ్చింది.
ఐదుగంటలూ. ఒక్క చిటపట లేదు.
ఆ ఆడమనిషికి ఏమైందో తెలిసింది.
ఎర్రమ్మకి చెప్పడానికి ఎర్రమ్మ లేదు.

అయినా ఆ మాట దగ్గరికి రాగానే
పాట ఆగకపోయినా
నా కుడిచెయ్యి లేస్తుంది,
ముల్లు ఎత్తడానికి.