రసీదు నంబరు రెండు వందల పద్నాలుగు

తంబుచెట్టి వీధిలో, జెరాక్సు కొట్టు పక్క మెట్ల కింద
నా ఆఫీసు. ఆఫీసంటే ఒక బల్ల, ఒక ఫ్యాను,
వానొస్తే కాళ్లు పైకి పెట్టుకునే ఒక కుర్చీ.
గోడ మీద ఫీజుల పట్టిక,
అరవంలో, ఇంగ్లీషులో, తెలుగులో.
తెలుగుది నేనే రాశాను. వత్తులు వంకరపోయాయి.

మా సీనియరు శేషాచలంగారు
సీలు నాకిచ్చి వెళ్తూ ఒక్క ముక్క చెప్పారు:
"రేటు మొహం చూసి చెప్పకు తల్లీ, గోడ చూసి చెప్పు."

చెప్పడం తేలికే.
కిందటేడు ఒక బిల్డరొచ్చాడు.
కారు వీధికి అడ్డంగా ఆగింది, వేళ్లకు మూడు ఉంగరాలు,
ఇరవై కాపీలు.
నేను గోడ వైపు చూళ్లేదు.
ఉంగరాలు లెక్కపెట్టి చెప్పాను.
ఆయన బేరమాడలేదు.
ఇప్పటికీ అదే కుడుతుంది.

అప్పట్నుంచీ విడగొట్టి రాస్తున్నాను:
స్టాంపు కాగితం ధర వేరు, టైపు కూలి వేరు,
నా సంతకం వెల వేరు.
మూడూ కలిపి ముద్ద చేసి అడిగితే
ఏ మెతుకు ఎవరిదో తినేవాడికేం తెలుస్తుంది?
ఆసుపత్రికి రమ్మంటే ఆటో ఖర్చెంతో అంతే,
(మద్రాసు ఆటోకి లెక్కేమిటి మేడం అని నవ్వుతాడు నా గుమాస్తా ఏలుమలై)
మంచాన ఉన్నవాడి వేలిముద్రకి
ఇంటివాళ్ల భయం ఖరీదు కలపకూడదు.
మనిషి ఎదుట లేకుండా సీలు వేయమంటావా,
ఎంతిచ్చినా సరే,
ఆ పనికి నా పట్టికలో వరసే లేదు.

నిన్న మధ్యాహ్నం భాగమ్మ వచ్చింది.
కార్పొరేషన్‌లో ముప్పై ఒక్కేళ్లు చెత్తబండి తోసిన మనిషి.
పుట్టినప్పుడు భాగమ్మ.
అరవంలో 'భ'కు వేరే అక్షరం లేదు, 'గ'కూ లేదు,
మస్టరు రోల్లో రాసినవాడు రాశాడు, చదివినవాడు చదివాడు,
ఆధార్‌కొచ్చేసరికి పాకమ్మ.
ఇప్పుడు పీఎఫ్ ఆఫీసు అడుగుతోంది,
డబ్బు దాచుకున్న ఆడదీ, డబ్బడిగే ఆడదీ
ఒక్కతేనా అని.

"బయట గొడుగు కింద ఆయన ఆరొందలన్నాడమ్మా.
సాయంత్రంలోగా అయితే ఎనిమిదన్నాడు."
కొంగుముడి విప్పింది. మడతలు మడతలుగా నోట్లు,
అన్నీ ఒకే చెమట వాసన.

గోడ చూసి చెప్పాను.
ఆమె నమ్మలేదు.
తక్కువ చెప్తే పని దొంగదేమోనని
సీలు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.
ఊరికే చేసి పంపేద్దామనిపించింది ఒక్క క్షణం.
కానీ జాలి కూడా మొహం చూసి వేసే రేటే కదా.
తీసుకున్నాను. చిల్లర ఇచ్చాను.

అఫిడవిట్ చదివి వినిపించాను:
భాగమ్మ అనే నేను, పాకమ్మ అనే నేను, ఇద్దరమూ ఒకరమే.
పగలబడి నవ్వింది.
"ఇంత మాటకి కోర్టువీధి దాకా రావాలా?"
రిజిస్టర్లో వేలిముద్ర వేసి బొటనవేలు
గోడకి తుడవబోయి, పట్టిక చూసి,
చీరకే తుడుచుకుంది.

రసీదు చింపి ఇచ్చాను.
తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది.
"ఇన్నేళ్లలో నేనిచ్చిన డబ్బుకి
ఎవరూ కాయితం ఇయ్యలేదు.
ఇందులో ఏ పేరు రాశావమ్మా?"

అలవాటున అరవంలో రాశాను.
పాకమ్మ అని.

చించి పారేయకూడదు, నంబరు తెగిపోతుంది.
వెనక్కి తీసుకుని, అడ్డగీత కొట్టి, పుస్తకంలోనే అంటించాను.
214, రద్దు. కారణం: పేరు.
215 తెలుగులో రాశాను, మెల్లగా,
ఈసారి వత్తు తిన్నగా పడేదాకా
పెన్ను ఎత్తకుండా.