లోపలి అంచు

టైరు విప్పి నేలమీద పడుకోబెట్టాను.
బయటి సగం నిన్న కొన్నట్టే ఉంది,
గాట్లన్నీ లోతుగా, రబ్బరు నూగు కూడా రాలకుండా.
లోపలి అంచు మాత్రం
తీగలు తేలింది.

తౌఫీక్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.
"నాలుగు నెలలు కాలేదు షిహామ్, కంపెనీవాడు మోసం చేశాడు."
అథ్లోన్‌లో ఈ మాట అనని కుర్రాడు లేడు.
ఎర్ర గోల్ఫ్. వాడికంటే పదేళ్లు పెద్దది.
స్ప్రింగులు కోసి కోసి
పొట్టకింద అగ్గిపెట్టె నిలబెడితే
అది తలొంచుకునేంత దించాడు.
పెద్ద షాపులో లేజరు మెషీనుంది గాని
దాని ర్యాంపు ఎక్కబోతే మూతి గీసుకుపోయింది.
అందుకే నా దగ్గరికొచ్చాడు.

అరచెయ్యి పెట్టి టైరు నిమిరాను.
లోపల్నుంచి బయటికి: పిల్లి వీపు.
బయట్నుంచి లోపలికి: రంపం.
"నువ్వూ నిమురు," అన్నాను.
ఒకసారి రాసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"చక్రం వాలినందుక్కాదు అరిగింది.
వాలు నీ సోకు, రెండు డిగ్రీలు నీకే వదిలేస్తా.
ముందు చక్రాలు రెండూ
ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి, అదీ జబ్బు.
కిలోమీటరుకి నాలుగైదు మీటర్లు పక్కకి ఈడ్చుకుపోతూ
తిన్నగా నడుస్తున్నట్టు నటిస్తున్నాయి."

మామ వదిలిపోయిన సరంజామా తీశాను:
నాలుగు స్టాండ్లు, చేపల గాలపు దారం,
అంకెలు సగం చెరిగిన ఉక్కు స్కేలు.
ఆగ్నేయపు గాలికి దారం గుంయ్‌మంటుంటే
షట్టరు దించి లైటేశాను.

"ఖాళీ కారుకి కొలత తియ్యను.
ఎవరెవరు ఎక్కుతారో చెప్పు."
"నేనొక్కణ్ణే," అన్నాడు.
మెడ గోక్కున్నాడు.
"మంగళ, గురు, శనివారాలు మా అవ్వ. డయాలసిస్‌కి."

ఇసక బస్తా పక్కన పడేశాను.

గలీమా అవ్వ కొబ్బరి చల్లిన పాకంముద్దల డబ్బాతో వచ్చింది.
ఎడమ సీట్లో కూర్చుంది, వాడు స్టీరింగు దగ్గర.
నేను కింద, స్కేలు పట్టుకుని.
"ఊపిరి పీల్చొచ్చా?"
"పీల్చవ్వా, కదలకు."
కాసేపాగి మళ్లీ అంది:
"పోయేటప్పుడు రెండు కిలోలు ఎక్కువుంటాను,
వచ్చేటప్పుడు నీళ్లన్నీ లాగేస్తారు.
నన్ను దేనికి బిగిస్తావు?"
"రెండు కిలోలు స్ప్రింగుకి తెలియవవ్వా."
"నాకు తెలుస్తాయి," అంది.

రాడ్డు నట్టు సముద్రపు ఉప్పుకి బిగుసుకుపోయింది.
నూనె పోసి, సుత్తితో బతిమాలి,
చివరికి తిట్టి తిప్పాను.
ఎడమది అర చుట్టు. కుడిది అరకి కాస్త తక్కువ.
కారుని ముందుకీ వెనక్కీ దొర్లించి మళ్లీ కొలిచాను.
నాలుగు మిల్లీమీటర్లు ఉన్నచోట
ఇప్పుడొక వెంట్రుక.
ఆ వెంట్రుకని ఉండనిచ్చాను.

అవ్వని దించడానికి ఇద్దరం కావలసొచ్చింది.
"ఇంత కిందికి దించావేంరా, బావిలోంచి లేచినట్టుంది."
లేస్తుంటే ఒక చెప్పు జారిపోయింది.
"ఆస్పత్రిలో ఆ కుర్చీ దొరకడానికి
రెండేళ్లు చెప్పులరిగేలా తిరిగానమ్మా."
మాటవరసకి అందనుకున్నాను.
చెప్పు తిరగేసి చూపించింది:
మడమ దగ్గర, లోపలి అంచు,
కాగితమంత పల్చన.
"దీనిక్కూడా ఓ దారం కట్టు."

అలవాటుకొద్దీ అరచెయ్యి పెట్టాను.
ఎటునుంచి నిమిరినా నునుపే.
ఏం చెప్పాలో తెలీక
దుమ్ము దులిపి కాలికి తొడిగాను.

సందు చివర స్పీడు బ్రేకరు మీద
కారు పొట్ట గీరుకున్న చప్పుడు,
వెంటనే అవ్వ తిట్లు.
ఆ తర్వాత రోడ్డు తిన్నగా ఉంటుంది.
స్టీరింగు వదిలి చూసుంటాడు వెధవ,
వాళ్లంతా వదిలి చూస్తారు.

పాత టైర్లు రెండూ గోడకి ఆనించే ఉన్నాయి.
డబ్బులు శుక్రవారం ఇస్తానన్నాడు.