బొటనవేలు

విడవలూరు దాటి సముద్రం వైపు పోతే
ఉప్పుగాలికి తలుపు చీలలు కూడా తుప్పుపట్టే చోట
పెంచలయ్య కౌలుకు చేసే రొయ్యల గుంట.
రాత్రి రెండున్నరకు పట్టుబడి.
ఏరేటర్లు ఆగిపోయినాక
అంత నిశ్శబ్దం నేను చర్చీలో కూడా వినలా.

కాటా నాది. పదకొండేళ్లుగా నాదే.
ట్రే ఎత్తడం, నీళ్లు ఓడ్చడం, అంకె అరిచి చెప్పడం.
"ఓబేదు చెబితే చెప్పినట్టే" అంటారు గట్ల మీద.
ఆ మాటకే వెల కట్టినాడు కంపెనీ మేనేజరు.
కారు తాళమంత ఉంటది ఆ మీట,
నల్లగా, అరచేతిలో ఇమిడిపోతా.
ఒక్క నొక్కు నొక్కితే
ట్రేకి రెండు కిలోలు గాల్లో కలిసిపోతాయి.
"నువ్వేం దొంగతనం చెయ్యడంలా అబ్బయ్యా,
కాటానే రవ్వంత మర్చిపోతది."

శోధకుడంటే
సండే స్కూలు పటంలో మాదిరి
కొమ్ములతో వస్తాడనుకునేవాణ్ణి.
ఈయన టీ ఇప్పించినాడు.
పాప ఇంటర్ ఫీజు ఎంతని అడిగినాడు.
లేయమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా అని
పేరు పెట్టి మరీ అడిగినాడు.

మొదటి ట్రే. నొక్కినా.
దాచేదేముంది, నొక్కినా.
రెండోది. మూడోది.
వేలు ఎంత తొందరగా నేర్చుకుంటదో!
ఒక్క కీర్తన కంఠతా పట్టడానికి నాకు నెల పట్టింది,
దీనికి మూడు ట్రేలు చాలినాయి.

నాలుగోదానికి పెంచలయ్య
మెడలో తుండుతో ముఖం తుడుచుకున్నాడు.
కాటా వైపు చూడనే లేదు,
నా వైపు చూసినాడు, అంకె కోసం.
మేత బాకీ, కరెంటు బిల్లు, తెల్లమచ్చల భయం,
తొంభై రోజులు గట్టు మీదే పడుకున్న మనిషి
నా నోటి వైపు చూస్తా ఉన్నాడు,
మా అమ్మ ఆఖరి రోజుల్లో
పాస్టరుగారి నోటి వైపు చూసినట్టు.

ఆకాశం తెరుచుకోలా.
ఏ స్వరమూ వినపడలా.
కోడి కూడా కూయలా, ఆ గట్టు మీద కోళ్లు లేవు.
ఒక రొయ్య మాత్రం ట్రే అంచు మీంచి ఎగిరి
నా పాదం మీద పడింది, చల్లగా, కొట్టుకుంటా.
దాన్ని తీసి మళ్లా ట్రేలో వెయ్యడానికి
చెయ్యి జేబులోంచి బయటికి తియ్యాల్సి వచ్చింది.
తీసినా. మళ్లా పెట్టలా.

అంతే. దాన్ని గెలుపని ఎట్టా అంటా?
ముప్పై ఏడు ట్రేలూ అయ్యేదాకా
తొడ మీద ఆ మీట
ఎండలో కాగిన రూపాయి బిళ్లలా చురుక్కుమంటానే ఉంది.
ప్రభువా అన్నానా? అన్నా,
ఇరవై మూడో ట్రేకి. ఇరవై నాలుగుకి మళ్లా.
ప్రతి ట్రేకీ కొత్తగా అడగాల్సి వచ్చింది,
పక్కింట్లో బియ్యం బదులు అడిగినట్టు
సిగ్గుపడతా.

తెల్లవారుతుంటే చెప్పినా,
"అన్నా, మొదటి మూడిట్లో ఆరు కిలోలు తగ్గించినా."
పెంచలయ్య తిట్టలా.
లుంగీ సర్దుకుని "మిగతా వాటిల్లో?" అన్నాడు.
"లేదు" అన్నా.
నమ్మినాడో లేదో తెలియదు.
నమ్మమని అడిగే హక్కు
ఆ ఆరు కిలోలతోనే పోయింది.
నా కూలి తీసి ఆయన చేతిలో పెట్టి,
మీట మేనేజరు జీపు సీటు మీద పెట్టి,
బండి తీసినా.
పదకొండేళ్ల కాటా అక్కడే గట్టు మీద ఉండిపోయింది,
తడిగా, సున్నా చూపిస్తా.

లేయమ్మ అంతా విన్నది.
"రేపటికి బియ్యం ఉండాయి" అంది.
కాసేపాగి "ఎల్లుండికి కూడా" అంది.

ఆదివారం, ప్రార్థనలో కళ్లు మూసుకుంటే
బొటనవేలు దానంతటదే కదిలింది,
గాల్లో, ఒక్కసారి, నొక్కినట్టు.
ఆరాధన అయినాక
కానుకల పెట్టె తెచ్చి నా ముందర పెట్టినారు,
లెక్క ఎప్పుడూ నాదే గదా అని.
సువార్తమ్మని పిలిచినా.
"ఇట్టా రా పిన్నమ్మా, నా పక్కన కూర్చో.
నేనొకసారి ఎంచుతా.
నువ్వొకసారి ఎంచు."